నీళ్లు తాగని ఈక

నాకు మొండివాళ్లంటే గిట్టదు. నేనే ఒక పెద్ద మొండివాణ్ణి, ఒకే గదిలో ఇద్దరు ఇమడరని నా నమ్మకం. అందుకే లస్మయ్య మా గదికి వచ్చిన కొత్తలో అతనితో ముభావంగానే ఉన్నాను. గల్ఫ్‌లో, నజ్మా అనే పేటలో మాది ఇరుకు గది, ఒకదానిమీద ఒకటి మంచాలు. పై మంచం అతనిది, కింది మంచం నాది. నేను కదిరివాణ్ణి, నాగప్పని. ఇక్కడ ఒక బేకరీ వ్యాను తోలుతాను.

లస్మయ్యది జగిత్యాల వైపు గోదారి ఒడ్డున పల్లె. గంగపుత్రులు. తాతతండ్రుల నుంచి వలలు అల్లి, చేపలు పట్టి బతికిన ఇల్లు. ఇక్కడ సైటులో ఇనుప చువ్వలకు తీగతో ముడులు వేసే పనిలో చేరాడు. కట్టడమే కదా, దారమైతేనేం తీగైతేనేం అనుకున్నాడట. ఒకరోజు చువ్వల కట్ట జారి ఎడమ చేతి మీద పడింది. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. గాయం మానాక కంపెనీ అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టింది. కాంట్రాక్టు అయిపోగానే ఇంటికి పంపిస్తామని ముందే చెప్పేసింది.

ఇంటికి పోవడమంటే అతనికి భయం లేదు. వల అల్లలేని చేత్తో పోవడమంటేనే భయం. "కట్టెటోళ్ల ఇంట్ల పుట్టిన్నన్నా. గీ చెయ్యి కట్టాలె. కట్టకుంట కూసుండుడు నాతోని గాదు" అనేవాడు. కాంట్రాక్టు ముగిసేలోగా చేతికి కట్టే పని దొరకాలి, దొరకకపోతే విమానం ఎక్కాలి. అంతకు మించి అతని బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

మా బేకరీ రొట్టె దిగే టీకొట్టు పక్కన సమద్ భాయ్ కొట్టు ఉంది. బోధన్ మనిషి. గాలాలు, కర్రలు, చేపలకు సంబంధించిన సరుకు అమ్ముతాడు. ఎండాకాలం వస్తే ఇక్కడి ఆఫీసుల వాళ్లు కొందరు చల్లటి కొండదేశాలకు పోయి వాగుల్లో ట్రౌట్ అనే చేపను పడతారట. ఆ చేప నీటిమీద వాలిన పురుగుల్ని పైకి వచ్చి మింగుతుందట. అందుకని గాలపు ముల్లుకు ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి పురుగులాంటిదాన్ని తయారుచేస్తారు. వాళ్లు దాన్ని ఫ్లై అంటారు, మేం ఈగ అన్నాం. ఆ చేపను నేను చూడలేదు, లస్మయ్య చూడలేదు, నిజం చెప్పాలంటే సమద్ భాయ్ కూడా చూడలేదు.

ఈగలు కట్టే మనిషి తన దేశం వెళ్లిపోయాడని, ఇంకొకరు కావాలని సమద్ అన్న మాట నేను గదికొచ్చి వేళాకోళంగా చెప్పాను. లస్మయ్య నవ్వలేదు. మంచం దిగి చొక్కా వేసుకుని, "నడువన్నా" అన్నాడు.

కొట్టులో ఎడమ చేయి ప్యాంటు జేబులోంచి బయటికి తీయలేదు. "వల అల్లుడు వస్తదా?" అని సమద్ అడిగితే, "పుట్టినకాన్నుంచి గదే పని" అన్నాడు. సమద్‌కు ఆ జవాబు నచ్చింది. చూసి కట్టమని ఒక ఈగను, కొన్ని గాలపు ముళ్లను, ముల్లును బిగించి పట్టుకునే చిన్న వైస్‌ను ఇచ్చాడు. "చూడు భాయ్, శుక్రవారం నమాజ్ అయినంక తీస్కరా. తొట్టిల ఏస్తం. నేను చాయ్ తాగి గిలాస కింద పెట్టెదాక నీళ్ల మీద తేలిందంటే పని నీది. కంపెనీ మార్చే కాయితాలు నేను చూస్కుంట" అన్నాడు.

బయటికి రాగానే లస్మయ్య ఆ వైస్‌ను కళ్లకద్దుకున్నాడు. "గిదే అన్నా నా పోయిన వేళ్లు" అన్నాడు. నేను వ్యాను తలుపు తీసి, యల్లా, పద, ఎక్కు, ఆలస్యమవుతోందని కసురుకున్నాను.

ఆ వారం మా గది కోళ్ల దుకాణం అయిపోయింది. నజ్మాలో కోళ్లు కోసే కొట్టు నుంచి సంచెడు ఈకలు తెచ్చాడు. సమద్ ఇచ్చిన ఈగ పక్కన పెట్టి రంగు చూసి ఎంచాడు. పెట్ట వీపు ఈకలు మెత్తగా, గోధుమరంగులో, దానికి కవలపిల్లల్లా దొరికాయి. వాటిని సబ్బుపొడి నీళ్లలో నానబెట్టి వాసన లేకుండా ఉతికాడు. వాళ్ల ఊళ్లో వలదారాన్ని తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో ముంచుతారట, గట్టిపడుతుందని. ఇక్కడ తుమ్మచెక్క ఎక్కడిది? పాలు లేని చిక్కటి టీ కాచి, నూలుదారాన్ని అందులో ఊరవేశాడు. ముడి వేసే ప్రతిసారీ దారాన్ని నాలుకతో తడిపేవాడు. తడిసిన ముడి జారదని వాళ్ల నాయన నేర్పిన విద్య. ఎడమ చేతి బొటనవేలూ ఉంగరపు వేలూ కలిపి ఈకను పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చేది. పట్టు జారితే విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు, అంతే.

చివరికి కట్టిన ఈగను చూసి నేను నిజంగానే చేత్తో తోలబోయాను. అంత అచ్చంగా ఉంది.

శుక్రవారం సమద్ దాన్ని మెచ్చుకుంటూ గాజు తొట్టిలో వేశాడు. టీ గ్లాసు ఇంకా పెదవి దాకా పోలేదు, ఈగ ఒక పక్కకు ఒరిగి బుడుంగున మునిగింది. అడుగున పడి కదలకుండా ఉంది. లస్మయ్య మొహం చూడలేక నేను గోడ మీది గాలపు కర్రలు చూశాను.

"మంచిగ కట్టినవ్ గని, మునిగేదానితోని నాకేం పని?" అన్నాడు సమద్. తిట్టలేదు, అది మేలు. "వచ్చే శుక్రవారం ఇంకోసారి చూస్త. అటెనుక నేపాలాయన ఒకడు అడుగుతుండు, ఆయనకిస్త." లస్మయ్య కాంట్రాక్టు కూడా ఆ వారంతోనే సరి.

దారిలో నేను ఊరుకోలేకపోయాను. "ఏమప్పా, ఆ సుత్తి యాపారం మనకెందుకు? ఊరికి పోయి ఒక అంగడి పెట్టుకుంటే సరిపోలా?" అన్నాను. అతను మునిగిన ఈగనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నాకు ఒళ్లు మండింది, గదికి చేరేదాకా రేడియో గట్టిగా పెట్టాను.

సాయంత్రం అతని భార్య గంగామణి ఫోన్ చేసింది. ఫోను గోడకు ఆనించి మాట్లాడుతున్నాడు కాబట్టి నాకూ వినబడింది. జరిగింది చెబితే ఆమె పకపకా నవ్వింది.

"మీ నాయిన వల ఎన్నడన్న తేలిందా? వల తేలిన్నాడు మనింట్ల పొయ్యి ముట్టిందా?" అంది. "ఎంత జల్ది మునిగితే అంత మంచి వల అంటరు మీరు. గా బుద్ధితోనే ఈగను గూడ ముంచినవ్. గాడ బాతులు లెవ్వా? దినమంత చెరువుల ఉండి గూడ తడువకుంట ఒడ్డుకొస్తది. పోయి దాన్నడుగు."

లస్మయ్య తన తప్పుల్ని తానే వేళ్లమీద లెక్కపెట్టాడు, మిగిలిన వేళ్లమీద. పెట్ట ఈక మెత్తన, నీళ్లు తాగుతుంది. నూలుదారం తాగుతుంది. టీలో ఊరవేశాడు, నాలుకతో తడిపాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మంచి పని అనుకున్నదల్లా ఈగకు విషం పెట్టినట్టయింది.

మర్నాడు నా వ్యానులో సూక్ వాకిఫ్ పిట్టల బజారుకు తీసుకుపోయాను. బాతుల పంజరం ముందు కూర్చున్నాడు, లేవడే. ఒక బాతు తోక మొదట్లో ముక్కు పెట్టి, అందులోంచి ఊరే నూనెను ఒళ్లంతా రాసుకుంటోంది. అక్కడ బూజులాంటి చిన్న ఈకలున్నాయి. "గవ్వే అన్నా, గవ్వే!" అన్నాడు నా భుజం కుదుపుతూ. ఈకలు పీకితే ఊరుకోనని పిట్టలమ్మే పాకిస్తానీ అన్నాడు. కావాలంటే పంజరం శుభ్రం చేసి రాలినవి తీసుకోమన్నాడు. లస్మయ్య పంజరాలన్నీ శుభ్రం చేశాడు. పక్క అంగట్లో పుంజు మెడ ఈకలు కూడా అడిగి తెచ్చుకున్నాడు. పెదవిమీద రాసి చూసి, గుచ్చుకున్నవాటినే ఉంచాడు. గట్టి పోగులైతేనే నీటిమీద కాళ్లు ఊని నిలబడతాయట. నేను అల్ రువైస్ రేవు దారిలో ఎంతో శ్రమపడి తెచ్చిన ఒంటె వెంట్రుకల్ని నీళ్ల గిన్నెలో వేసి చూసి, "తాగుతుందన్నా" అని అవతల పారేశాడు. కనీసం మొహమాటానికైనా ఉంచుకోలేదు.

బాతు ఈకలు మాత్రం కంపు కొట్టాయి. లస్మయ్య లేనప్పుడు సాయం చేద్దామని వాటిని బకెట్లో వేసి సబ్బుపొడి ప్యాకెట్టు చించాను. అప్పుడే వచ్చి గావుకేక పెట్టాడు.

"అన్నా! సబ్బు ముట్టియ్యకు! దాని నూనె దానికుండనియ్యి!"

అతను అరవడం నేనదే వినడం. "నీ బాతులూ నువ్వూ గంగలో కలవండి" అని ప్యాకెట్టు విసిరికొట్టాను. అయినా మనసు ఊరుకోదు కదా. మర్నాడు బేకరీ నుంచి పొడి మొక్కజొన్న పిండి తెచ్చి అతని మంచం మీద పెట్టాను. ఆ పిండిలో వేసి దులిపితే మురికి పోయింది, నూనె పోలేదు. దర్జీ దగ్గర నైలాన్ దారం అడిగి, తేనెమైనం రుద్దాడు.

ఇక మిగిలింది నాలుక. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ముడి దగ్గరికి రాగానే నాలుక దానంతటది బయటికి వచ్చేది. కట్టింది పాడయ్యేది. చివరికి పళ్లమధ్య అగ్గిపుల్ల అడ్డం పెట్టుకుని కట్టడం మొదలుపెట్టాడు. గేటు డ్యూటీ నుంచి రావడం, అగ్గిపుల్ల కరవడం, కూర్చోవడం. కట్టిన ప్రతి ఈగనూ నీళ్ల గిన్నెలో వేసి, మునిగితే ముల్లు విప్పదీసి మళ్లీ కట్టేవాడు. గురువారం ఒకటి మునగలేదు. మేం అన్నం తిని, గిన్నెలు కడిగి వచ్చినా మునగలేదు.

శుక్రవారం సమద్ తొట్టిలో దాన్ని వేసి టీ తాగాడు. కావాలనే నెమ్మదిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, వేలితో ఈగను నీళ్లలోకి నొక్కాడు. అది టపీమని పైకి లేచింది.

"షాబాష్! పని నీదే" అన్నాడు. "గిది ఇప్పుడే కావాలె. సాయంత్రం విమానమెక్కే గిరాకీ ఉన్నడు."

నేను అల్లా, వెంకటరమణా అని అందరికీ దండం పెట్టుకుంటున్నాను. లస్మయ్య ఈగను అరచేతిలోకి తీసుకుని గుప్పిట మూశాడు.

"ఇది ఇయ్యరాదు సేఠ్. కొత్త వలల పడ్డ మొదటి చాప గంగమ్మది. మా ఇంట్ల తినం, అమ్మం. ఇది గూడ గంతే."

నాకు వాణ్ణి అక్కడే తన్నాలనిపించింది. నోటికాడికొచ్చిన కూడు! "అరే, గిరాకీకేం చెప్పాలె మరి?" అని సమద్ మొహం మాడ్చుకున్నాడు. "నువ్వు ఇంకోటి కడతవని నమ్మకమేంది? గిది నువ్వే కట్టినవని నమ్మకమేంది?"

లస్మయ్య ఈగను చొక్కా జేబులో వేసుకుని, సంచిలోంచి ఈకలు, దారం తీసి బల్లమీద పెట్టాడు. వైస్‌లో ముల్లు బిగించాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ప్యాంటు జేబులోంచి ఎడమ చేయి బయటికి తీశాడు.

సమద్ ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు. నేనూ అతని కళ్లలోకి సూటిగా చూశాను. ఏమైనా అంటే తిరిగి అనడానికి సిద్ధంగా ఉన్నాను. లస్మయ్య బొటనవేలూ ఉంగరపు వేలూ కలిపి బాతు ఈకను పట్టి, కుడిచేత్తో దారం చుట్టాడు. పుంజు ఈకను గుండ్రంగా తిప్పి నిలబెట్టాడు. ముడి దగ్గరికి రాగానే నాకు గుర్తొచ్చింది, అగ్గిపుల్ల గదిలోనే మరిచిపోయి వచ్చాం. అతని పెదవులు బిగుసుకున్నాయి. నాలుక రాలేదు.

మధ్యలోనే సమద్ లేచి, బల్ల దీపాన్ని అతని దగ్గరికి జరిపాడు. కట్టడం అయ్యాక దాన్ని తొట్టిలో వేసి చూడలేదు కూడా. అలాగే డబ్బాలో పెట్టి మూతపెట్టాడు. "రేపటి నుంచి డ్యూటీ" అన్నాడు. ఇంకో టీ చెప్పాడు, మాక్కూడా.

ఆ తర్వాతి రొట్టెల ట్రిప్పు అల్ రువైస్‌కు పడితే లస్మయ్య నా పక్కన ఎక్కాడు. రేవు పక్కన మెట్టు దిగి, కటింగ్ ప్లేయర్‌తో మొదటి ఈగ ముల్లు మొన కత్తిరించాడు. గంగమ్మకిచ్చినదానికి ముల్లు ఉండకూడదట. గంగామణికి వీడియో కాల్ పెట్టి, రెండు వేళ్లు లేని చేత్తోనే దాన్ని సముద్రంలో వదిలాడు. ఇన్నాళ్లూ ఆ చేతిని భార్యకు సరిగ్గా చూపించలేదని నాకప్పుడే తెలిసింది.

అల వచ్చి ఈగను కప్పేసింది. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. అల పోయాక అది పైనే ఉంది.

"మునిగిందా?" అని ఫోనులో గంగామణి అడిగింది.

"లేదు," అన్నాడు లస్మయ్య. వాడి కళ్ల నిండా నీళ్లు. "మునగనంటుందే."