నూటపది ఓల్టుల యాంప్లిఫయరూ, నా మొండితనమూ

ఇప్పుడంటే ఏ సెట్టు కొన్నా వెనకాల రాసున్న ఓల్టేజీని ఫోన్లో ఫొటో తీసి నలుగురిని అడుగుతున్నారు గానీ, నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి జగ్గయ్యపేటలో మా మేనమామ రిపేరు షాపులో చేరిన కొత్తల్లో జనానికి అంత ఓపిక ఎక్కడిది? ప్లగ్గు పట్టిందా, పెట్టేయడమే. చెన్నై నుంచి వాడేసిన ఫారిన్ యాంప్లిఫయర్లు మోజుపడి తెచ్చుకునేవాళ్లు. అవేమో నూటపది ఓల్టుల దేశాల్లో పుట్టి పెరిగినవి. మన రెండొందల ముప్పై తగలగానే ఒక్క ఉరుము ఉరిమి, పొగ వదిలి కన్నుమూసేవి. ఆ శవాలన్నీ మామయ్య బల్ల మీదికి చేరేవి. "బతికుండగా తెస్తే స్టెప్‌డౌన్ పెట్టిచ్చేవాణ్ణి గదయ్యా!" అని మామయ్య వాపోయేవాడు. స్టెప్‌డౌన్ అంటే మన కరెంటుని సగానికి తగ్గించి సెట్టుకి అందించే ఇనప్పెట్టె. ఇటుకంత ఉంటుంది, మూడిటుకల బరువు తూగుతుంది. మామయ్యకి దాని మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు.

నాకిచ్చిన పని మాత్రం కౌంటర్లో కూర్చుని, లారీ డ్రైవర్లు తెచ్చే స్టీరియోల మీది సిమెంటు దుమ్ము దులపడం. బల్ల దగ్గరికి జరిగితే చాలు, "ఆడపిల్లవి, నీకు కరెంటుతో పనేంటే? రేపు అత్తారింట్లో సోల్డరింగు చేస్తావా?" అని షాపు వెనకింట్లోంచి అమ్మమ్మ అరిచేది. (చేస్తే తప్పేంటో నాకిప్పటికీ తెలీదు. మా అత్తగారి మిక్సీ ఎన్నిసార్లు చెడినా బాగుచేసేది నేనే.)

అలాంటి రోజుల్లో నందిగామ నుంచి దడదడ భాయ్ వచ్చాడు. అక్కడ సౌండు సర్వీసు నడిపేవాడు. గుండెలు దడదడలాడితేనే అది పాట అని ఆయన సిద్ధాంతం. తమ్ముడి పెళ్లయ్యాక పెళ్లికొడుకు తరఫున ఇచ్చే వలీమా విందు కోసం కొన్న ఫారిన్ యాంప్లిఫయర్ని పసిబిడ్డలా దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఇంకా ప్లగ్గు పెట్టలేదట! మామయ్య ఆనందంగా స్టెప్‌డౌన్ కోసం లేచాడు. నేనీలోగా మూత విప్పి చూశా.

"మామయ్యా, పెట్టె వద్దు. దీని ట్రాన్స్‌ఫార్మర్లో కరెంటు తీసుకునే కాయిల్స్ రెండున్నాయి. వాటిని పక్కపక్కన కలిపారు కాబట్టి నూటపది. ఒకదాని తోక రెండోదాని తలకి కలిపితే మన కరెంటు హాయిగా తాగుతుంది."

"కాలిపోతే?"

"కాలదు."

"కాలితేనో?"

"ఇంకెప్పుడూ సోల్డరింగ్ ఐరన్ ముట్టను. నాన్న చెప్పిన సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసు ఉద్యోగంలో చేరిపోతా." నోరు జారా, కానీ వెనక్కి తీసుకోలా.

దడదడ భాయ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "చేయనీండి. అమ్మాయి కళ్లల్లో భయం లేదు" అన్నాడు. (భయం చేతుల్లో ఉంది. ఆయన అటు చూడలేదు.)

వైర్లు మార్చి, దారిలో ఓ బల్బు కలిపి స్విచ్చేశా. లోపల తేడా ఉంటే బల్బు వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. బల్బు భగ్గున వెలిగింది. "లైటింగు బాగుందమ్మా, పందిట్లో పెట్టుకుంటా" అన్నాడు భాయ్. మామయ్య స్టెప్‌డౌన్ దుమ్ము దులపసాగాడు. ఒక కాయిల్ తలకిందులైందని నాకప్పుడు తట్టింది. దాన్ని తిప్పి కలిపా. ఈసారి బల్బు ఓసారి కన్నుగొట్టి మసకబారింది. పాట మోగింది. ఫ్యూజు కూడా మార్చి, వెనకాల నా గోళ్లరంగుతోనే '230' అని రాశా.

విందు మధ్యాహ్నం మామయ్యా నేనూ నందిగామ బస్సెక్కాం. ఆయన సంచీ బరువుకి భుజం ఒరిగిపోతోంది. ఏంటి మామయ్యా అంటే "స్వీట్లమ్మా" అన్నాడు.

ఫంక్షన్ హాల్లో మామయ్య ముందే వెళ్లి వైర్లు సర్దాడు. భాయ్ పాట పెట్టాడు. బావిలోంచి ఎవరో మూలిగినట్టు వినిపించింది. వాల్యూం మొత్తం పెంచినా అదే మూలుగు. భాయ్ మొహం మాడిపోయింది. "ఎవరు చేశారు దీన్ని?" అని ఓ పెద్దాయన అడిగాడు. నన్ను చూపించారు. "ఆఁ... అదీ సంగతి!" అన్నాడాయన, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మోకాళ్ల మీద కూర్చుని వైరు పట్టుకుని పోతే, బల్ల గుడ్డ చాటున ఇనప్పెట్టె!

"మామయ్యా, ఇవేనా స్వీట్లు?"

"జాగ్రత్త కోసమమ్మా... ఒకటికి రెండు ఉంటే మంచిదని..."

"సగం కూడు పెట్టి పరిగెత్తమంటే ఎట్టా పరిగెత్తుద్ది?" అంటూ ప్లగ్గు పీకి గోడ దగ్గరికి నడిచా.

"అమ్మాయ్, డైరెక్టుగానా? వద్దు!" అంది హాలంతా. బిర్యానీ ప్లేట్లతో సహా జనం వెనక్కి జరిగారు. నవ్విన పెద్దాయన ఓ స్తంభం వెనక్కి చేరాడు. నేను ప్లగ్గు గోడకి పెట్టి, చెయ్యి సెట్టు మీదే ఆన్చి, ఆయన కళ్లల్లోకి చూస్తూ స్విచ్చేశా.

గ్లాసులు గలగలమన్నాయి. కిటికీ అద్దాలు వణికాయి. దడదడ భాయ్ గుండె మీద చెయ్యేసుకుని స్వర్గం చూసినవాడిలా కళ్లు మూసుకున్నాడు. మామయ్య ఒక్క మాటా మెచ్చుకోలేదు. కాసేపటికి, "కొంచెం తగ్గించమ్మా, ముద్ద దిగట్లేదు" అన్నాడంతే. కానీ మర్నాడు నేను షాపుకెళ్లేసరికి కౌంటర్లో తనే కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడా షాపు నేనే నడుపుతున్నా. మొన్న కంచికచర్ల నుంచి ఒకాయన సెట్టు చంకన పెట్టుకుని వచ్చి, లోపలికి తొంగిచూసి, "మెకానిక్ లేడాండీ?" అన్నాడు. "కూర్చోండి, నేనే" అని నవ్వి సెట్టు అందుకున్నా. అప్పటి నేను, ఆ మొండిపిల్లే గనక ఉండుంటే ఆయన్ని అంత తేలిగ్గా కూర్చోనిచ్చేది కాదు. వయసుతో నాకు నెమ్మది వచ్చిందని అందరూ మెచ్చుకుంటారు గానీ, అద్దంలో అప్పుడప్పుడూ ఆ పిల్ల నావంక గుర్రుగా చూస్తూనే ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లంటే నాకిప్పటికీ కాస్త భయమే.