టేపు మామయ్య కొలతల పుస్తకం

వీధిలో అందరూ ఆయన్ని టేపు మామయ్య అనేవాళ్లు. నలభై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. ఎవరి మాటా నమ్మేవాడు కాదు, టేపునే నమ్మేవాడు. "సన్నబడ్డాను, ఒక అంగుళం తగ్గించు" అని ఎవరైనా అంటే తలూపి, మెడలోని టేపు తీసి మళ్లీ కొలిచేవాడు. ప్రతి కొలతా తేదీతో సహా పుస్తకంలోకెక్కేది.

ఆ ఎండాకాలం అత్తయ్య తమ్ముడు ఒక సీసా పట్టుకొచ్చాడు. ఒంట్లోని ముసలి కణాలను ఊడ్చేసి, మిగతావాటిని పడుచుగా మార్చే గుళికలట. ఆరు నెలలు మింగేసరికి తన వంగిన వీపు నిటారైందట. మామయ్య అతన్ని నిలబెట్టి కొలిచి, పుస్తకం తిరగేశాడు. వీపు ఎప్పటిలాగే ఉంది, నడుము మాత్రం రెండంగుళాలు పెరిగింది.

"నీ పడుచుదనమంతా పొట్టలో చేరిందిరా," అన్నాడు.

బావమరిది నవ్వేసి, సీసా అక్క చేతిలో పెట్టి వెళ్లాడు. అత్తయ్య నవ్వలేదు.

అప్పటినుంచి మామయ్యను అనుమానం తొలవసాగింది. అత్తయ్య పొద్దున్నే గుళిక మింగుతోంది, సరే. మరి డాక్టరు ఇచ్చిన షుగరు మాత్రలో? అడిగితే వేసుకున్నానంది, ఆయన మొహంలోకి చూడకుండా. అలమరలో మాత్రల అట్ట పోయిన నెల ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ దాహానికి మధ్యాహ్నానికే నీళ్ల కూజా ఖాళీ అవుతోంది. ఎంత నాజూగ్గా అయ్యావని పక్కింటావిడ మెచ్చుకున్న రోజు అత్తయ్య పొంగిపోయింది, మామయ్య పుస్తకంలో ఆవిడ పాత కొలతలు వెతికాడు.

కొత్త రవిక కుడతానని వంక పెట్టి కొలత తీశాడు. నాలుగు నెలల క్రితం పదమూడంగుళాలున్న జబ్బ పదకొండుకు దిగింది. రెండు అంకెలూ చూపించాడు.

"సన్నబడ్డానుగా," అంది.

"చేతులు కూడా చిక్కిపోతే దాన్ని సన్నబడడం అనరు. మాత్రలు మానేశావు."

"రవిక వంక పెట్టి కొలిచింది ఇందుకా? నామీద నిఘా పెట్టారా?"

"పెట్టాను. నాకంటే ముందు పోతావేమోనని."



"ముందు పోకూడదనే కదండీ ఆ గుళికలు మింగింది," అంది అత్తయ్య. "మీకు గ్లాసెక్కడుందో కూడా తెలీదు."

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికెళ్లారు. ఆయన సీసా పక్కనబెట్టి, కణాల సంగతి తేలేదాకా పాత మాత్రలు, రోజూ నడక, వేళకు తిండి చాలన్నాడు.

రెండు నెలలకు జబ్బ పదకొండున్నరకు వచ్చింది. మామయ్య రాసుకున్నాడు. నమ్మకం కుదరక మళ్లీ టేపు చుట్టాడు.

"ఇక చెయ్యి దించనా?" అంది అత్తయ్య.