మా యూనివర్సిటీకి సొంత పడవ

ఒక్క టిక్కు మార్కుతో యూనివర్సిటీ పరువును నడిసముద్రం దాకా మోసుకెళ్ళి అక్కడ దించేసిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు మా రిజిస్ట్రార్ గారి ముఖం చూసి ఉంటే మీరు కూడా పడవలోంచి దూకేసేవాళ్ళు.

కోట రోడ్డులో ఉన్న చిన్న యూనివర్సిటీ మాది. అందులో తీరప్రాంత అధ్యయన శాఖకు నేను కొత్త లెక్చరర్‌ని. ఇంగ్లీషు దడదడా మాట్లాడతానని విదేశీ ఒప్పందాల పని నా మెడకు చుట్టారు. ఏటా ఇద్దరేసి విద్యార్థులను ఇచ్చిపుచ్చుకుందామంటూ ఒక విదేశీ యూనివర్సిటీ దరఖాస్తు పంపింది. అందులో ముందుగా మా అర్హతలు తేల్చాలి. ప్రభుత్వ గుర్తింపు ఉందా? ఉంది. డిగ్రీలిచ్చే అధికారం? ఉంది. వచ్చే విద్యార్థులకు వసతి? హాస్టల్లో గదులున్నాయి, ఫ్యాన్లు కూడా తిరుగుతాయి. అలా టిక్కులు పెట్టుకుంటూ పోతే పెన్ను దిబ్బ దిగే సైకిల్లా ఊపందుకుంది. పద్నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చింది: "సముద్ర అధ్యయనానికి మీకు సొంత పడవ ఉందా?"

పెన్ను ఆగలేదు. ఉంది!

మాకు పడవ కాదు గదా, పడవ బొమ్మున్న క్యాలెండరైనా లేదు. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలు పాస్‌పోర్టులు తెచ్చుకుని రోజూ పొద్దున్నే "సార్, వచ్చిందా?" అంటూ నా గుమ్మం ముందు నిలబడుతున్నారు. లేదని రాయడానికి చెయ్యి రాలేదు. ఆలు లేదు, చూలు లేదు అన్నట్టు, పడవ లేదు, తెడ్డు లేదు, పడవ పేరు మాత్రం 'విజ్ఞాన సాగరి' అని కూడా రాసేశాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. "మా ప్రొఫెసర్ వచ్చి మీ పడవను చూస్తారు."

రిజిస్ట్రార్ గారు నన్ను పిలిపించారు.

"మనం పడవ ఎప్పుడు కొన్నామయ్యా?"

"కొనలేదు సార్."

"మరి ఇదేంది?"

"ఉత్సాహం సార్."

"అయితే ఆయన్ని నీ ఉత్సాహం మీదే ఎక్కించి సముద్రమంతా తిప్పు!"

పరుగున చెంగమ్మక్క దగ్గరికి పోయాను. చేపలు పట్టే కుటుంబం. ఆమెకు సొంత ఫైబర్ పడవ, అంతకంటే సొంతదైన నోరు ఉన్నాయి. మా విద్యార్థులను సముద్రం చూపించడానికి అప్పుడప్పుడూ తీసుకెళ్ళేది ఆమే.

"అక్కా, ఒక్క పూట నీ పడవని మా పడవ అనుకుందాం."

"ఎట్టా అనుకునేది? నీ చొక్కా నాదనుకుంటే నువ్వు ఊరుకుంటావా?"

"పిల్లలు చదువుకోను దేశం దాటి పోతారక్కా."

ఆమె పడవ తాడు నా చేతిలో పెట్టింది. "పిల్లోళ్ళ కోసమంటున్నావు గనక తీసకపో. పడవ మీద పేరు మాత్రం చెరపబాక. అమ్మోరి పేరది."

చెరపలేదు. దాని మీద 'విజ్ఞాన సాగరి' అని ఫ్లెక్సీ కట్టాను.

"ఆమె ఏదైనా వాగితేనో?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

"భయం లేదు సార్. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. మధ్యలో గోడలాగా నేనున్నాను."

ప్రొఫెసర్ గారొచ్చి పడవెక్కిన రోజున ఆ గోడ రెండో అలకే కూలింది. తీరప్రాంత అధ్యయనం బోధించే నేను సముద్రంలోకి వెళ్ళడం అదే మొదటిసారి. పొద్దున తిన్న ఇడ్లీలను బంగాళాఖాతానికి సమర్పిస్తూ అంచుమీద వేలాడుతుంటే, గాలికి ఫ్లెక్సీ తెగి ఎగిరిపోయింది. ప్రొఫెసర్ గారు చిరునవ్వు నవ్వి, చెంగమ్మక్క వైపు తిరిగి అడిగారు:

"అక్కా, ఇంద పడగు యారోడదు?"

తమిళం! ఈ పడవ ఎవరిదని. ఆయన తమిళ తీరంలో ఏళ్ళ తరబడి పరిశోధన చేశారట. పులికాట్ వైపు ఎండుచేపలమ్మే చెంగమ్మక్కకు తమిళం ఇంజను కంటే జోరుగా వస్తుంది.

"ఎన్నోడదుదా సార్!" అంది. నాదే సార్ అని.

అక్కడితో ఆగిందా? ఫ్లెక్సీ ఎందుకు కట్టారో, ఎవరు కట్టారో, ఆ కట్టినాయన ఎట్టా బతిమాలినాడో అన్నీ చెప్పింది. నాకు తమిళం అంతగా రాదు. కానీ తమిళంలో కూడా నా పేరు నా పేరే గదా!

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఏకంగా సముద్రాన్నే తొక్కాను.

ఒడ్డుకు వచ్చాక ప్రొఫెసర్ గారు సంచిలోంచి మా దరఖాస్తు తీశారు. రిజిస్ట్రార్ గారు ఇసుకలో ఎండ్రకాయ బొరియ కోసం వెతుకుతున్నట్టు తల దించుకున్నారు. ఇద్దరు పిల్లల పాస్‌పోర్టులు నా కళ్ళముందు తిరిగాయి.

"తప్పు నాది సార్. పిల్లల్ని మాత్రం కాదనకండి," అన్నాను.

"పద్నాలుగో ప్రశ్న కింద చిన్న అక్షరాలు చదవలేదా?" అన్నారాయన.

చదివాను, అప్పుడు. 'సొంత పడవ లేనివారికి స్థానిక మత్స్యకారులతో ఒప్పందం ఉంటే చాలు. అటువంటి సంస్థలకే మొదటి ప్రాధాన్యం.'

అంటే, లేదని నిజం రాసి చెంగమ్మక్క పేరు చెబితే మేము వరసలో ముందుండేవాళ్ళం!

"ఆ టిక్కు కొట్టేసి నిజం రాయండి. ఈమె ఒప్పుకుంటే మాకు అభ్యంతరం లేదు," అన్నారాయన.

ఆ మాట తెలుగులో చెప్పి అందరం చెంగమ్మక్క వైపు చూశాం. ఆమె కొంగు నడుముకు దోపింది.

"ఒప్పుకుంటా. మీకు రూల్సు ఉన్నట్టే నాకూ ఉండాయి. రాసుకో అబ్బయ్యా. నా పడవ ఎక్కేవాళ్ళకి ఈత రావాల. నేను పెట్టిన చేపల పులుసు వంక పెట్టకుండా తినాల. అబద్ధం ఆడగూడదు."

అవే ఆమె తమిళంలో మళ్ళీ చెబితే ప్రొఫెసర్ గారు మూడింటికీ తలూపారు. పిల్లలిద్దరూ తీరం ఊళ్ళవాళ్ళే, సముద్రంలో చేపల్లా ఈదుతారు. రిజిస్ట్రార్ గారు చిన్నప్పుడు పెన్నా నదిలో ఈదినవారు, పులుసు పేరు వినగానే మొహం వికసించింది. ఒప్పందం కుదిరింది. పిల్లలు వెళ్ళి ఒక సెమిస్టరు చదువుకుని వచ్చారు, అక్కడినుంచి ఇద్దరు వచ్చి చెంగమ్మక్క పులుసు రుచి మరిగారు.

నాకు ఈత రాదు. చేప ముట్టను. మూడోదాని సంగతి మీకు తెలిసిందే. రెండు దేశాల నడుమ జరిగిన ఆ మొత్తం ఒప్పందంలో అర్హత లేనివాడు ఒక్కడే తేలాడు, దాని సమన్వయకర్త.

కనుక చదువరులారా, అడుగున ఉన్న చిన్న అక్షరాలు రెండుసార్లు చదవనిదే ఇక ఈ జన్మలో ఏ గడిలోనూ టిక్కు పెట్టనని సముద్రుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒడ్డున నిలబడే చేస్తున్నాను, పడవలోకి నన్ను రానివ్వరు గనక.