బిగిసిన కడియం

పత్తి తీతకు పోయి వచ్చిన సాయంత్రం నా బిడ్డ సుజికి కాళ్లు కడుగుతుంటే వెండి కడియం కదల్లేదు. తొట్టెల్లో వేసిన నాడు మా అన్న తెచ్చిన కడియాలవి. జారిపోతాయని అప్పట్లో దారం చుట్టాం. మనవరాలు ఒళ్లు చేసిందని మా అత్త మురిసిపోయింది. గోనెగండ్ల దగ్గరి మా ఊళ్లో అందరిదీ అదే మాట. నాకే మనసొప్పలేదు. పాదం మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, పూడలేదు.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా అట్లాగే నొక్కి చూసింది. "ఇది ఒళ్లు కాదమ్మా, ఎడీమా. నీరు పట్టింది" అంది. బ్లడ్ టెస్టులో ప్రోటీన్ బాగా తక్కువుంది. ఏం పెడుతున్నావని అడిగితే గొప్పగా చెప్పాను, ఎమ్మిగనూరులో కొన్న హెల్త్ మిక్స్ అని. ప్యాకెట్ మీద బొద్దు పిల్లాడు, చుట్టూ పప్పులు, బాదాములు. అంగన్‌వాడీ పిండి కంటే ఇదే బలమని దుకాణమాయన చెబితే, ఆ పిండి మాన్పించి పూటపూటా ఇదే పెట్టాం.

డైటీషియన్ దాన్ని వేడినీళ్లలో కలిపి నా ముందు పెట్టింది. "పప్పు వాసన యాడన్నా వస్తాందా సూడమ్మా" అంది. యాలకుల వాసన తప్ప ఏమీ లేదు. నాలుక మీద వేసుకుంటే బియ్యప్పిండి, చక్కెర. నా ఒళ్లు మండిపోయింది. బొమ్మలో పోసిన పప్పు పిండిలో పోయడానికి ఆ ప్యాకెట్ తయారుచేసినోళ్లకు చేతులు రాలేదు.

వార్డులో కొంచెం కొంచెంగా మందుపాలు పట్టారు. నీరు దిగేకొద్దీ బరువు తగ్గి పక్కటెముకలు తేలాయి. "పిల్లను ఎండబెడతాండారు, ఇంటికి పోదాం పా" అని మా అత్త ఏడ్చింది. డాక్టరమ్మ మెత్తగా చెప్పలేదు. "ఇదే మీ పిల్ల అసలు బరువు. ఇప్పుడు ఇంటికి తీసుకుపోతే దక్కదు." మేం కదల్లేదు.

డిశ్చార్జి అయ్యాక సుజిని చంకనెత్తుకుని ఆ దుకాణానికే పోయాను. జరిగింది చెబితే, మిగతా పిల్లలు బాగానే తింటున్నారన్నాడు దుకాణమాయన.

"తియ్యగుంటే తింటారప్పా. నీ మనవరాలికి పెడతాండావా?"

ఆయన నా వెనక నిలబడిన ఆమెకు ప్యాకెట్ అందించాడు. నేను సుజి పుల్లల్లాంటి కాళ్లు చూపించాను. ఆమె ప్యాకెట్ అక్కడే పెట్టి వెళ్లిపోయింది. మిగతావి ఇంకా ఆయన గుమ్మానికి వేలాడుతూనే ఉన్నాయి. నా కోపమూ చల్లారలేదు.

ఇప్పుడు సుజి నడుస్తోంది. కొర్రలు, పెసరపప్పు, వేరుశనగలు వేయించి నేనే పిండి పట్టిస్తున్నాను. కడియానికి మళ్లీ దారం చుట్టాం. మీ బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు రెండు పాదాలూ బొటనవేలితో నొక్కి చూడండి. గుంట అట్లాగే నిలిస్తే, ఒళ్లు చేసిందని ఊరంతా మురిసినా వినొద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.