చిన్నాయన పైపు ఎవరి చేతిలో ఉండాలి?

మా చిన్నాయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను అనంతపురంలో నా టైలరింగ్ షాపులో ఒకామె జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు, నాకు తమ్ముడు. "నాయన పోయినాడక్కా" అన్నాడు. వెంటనే, "బెంగళూరు సారుకు గూడా చెప్పినా. పెద్దదినానికి వస్తానన్యాడు" అన్నాడు. తండ్రి శవం ఇంకా గడప దాటలేదు, వీడికి అప్పుడే పొగతాగే పైపులు కొనుక్కుపోయే బెంగళూరు సారు గుర్తొచ్చాడు! ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. నా రాత కటువుగా ఉంటే మీరే సర్దుకోండి.

మాది తనకల్లు దగ్గర పల్లె. బస్సు దిగగానే ఫ్లెక్సీ కనిపించింది. "పైపుల కళాకారునికి అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. కింద బెంగళూరు షాపు గుర్తు. జన్మలో కోటు ముట్టని మనిషికి కంప్యూటర్లో నల్లకోటు తొడిగారు. పక్కన అద్దంలా మెరిసే పైపు బొమ్మ ఒకటి. ఆ పైపు మా చిన్నాయన చేసింది కానే కాదు. ఆయన చేసిన పైపుకు నెత్తిన చిల్లుల రేకుమూత ఉంటుంది. ఆ బొమ్మకు మూత లేదు.

ఆ మూత కథ చెబితే మనిషి సంగతి మీకే తెలుస్తుంది. మా చిన్నాయన మెట్టసేద్యం చేసేవాడు. ఖాళీ ఉన్నప్పుడు గొడ్డళ్లకు, పారలకు పిడులు చెక్కేవాడు. నా చిన్నతనంలో ఒక ఎండాకాలం, కూలికి వచ్చినాయన తాగి పారేసిన బీడీముక్క గాలికి దొర్లుకుంటూ పోయి వేరుశనగకట్టె వామికి అంటుకుంది. మా వైపు గాలి సంగతి తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. బిందెలతో నీళ్లు తెచ్చేలోపే వామి బూడిదైంది. వానలు లేని ఏడు, వేరే మేత లేదు. ఎద్దులను కదిరి సంతకు తోలుకుపోయి ఒట్టి పలుపులతో తిరిగొచ్చాడు. ఆ కూలాయన వచ్చి కాళ్ల మీద పడితే లేపి కూర్చోబెట్టి, "నీ నోట్లో బీడీ నేను పీకలేనప్పా. దాని అగ్గి ఎగరకుండా ఏమన్నా చేస్తా ఉండు" అన్నాడట.

అట్లా మొదలైంది ఈ పైపుల పని. సామిల్లులో పొయ్యిలోకి పోయే చింతకట్టె ముక్కలు ఏరుకొచ్చేవాడు. ముక్కను బుడ్డిగా చెక్కి, కడుపులో తొలిచి, బెల్లంనీళ్లలో బొగ్గుపొడి కలిపి లోపల పూసి ఎండబెట్టేవాడు. కట్టె కాలకుండా ఆ పూత కాపాడుతుంది. బయట శనగనూనె రుద్దడమే, వేరే మెరుగు లేదు. పీల్చడానికి సన్న వెదురు గొట్టం. పైన రేకుమూత. ఆ రేకు మా చిన్నమ్మ పాత డబ్బాలు కత్తిరించి చేసేది.

ఇందులో ఆయన పట్టుబట్టిన పద్ధతి ఒకటుంది. గొట్టాన్ని బుడ్డికి అతికించడు, దూరుస్తాడు, అంతే. అన్ని బుడ్లకూ ఒకే కొలత బెజ్జం. గొట్టం చీలిపోతే బుడ్డి పట్టుకొస్తే చాలు, అప్పటికప్పుడు వెదురు కోసి కొత్తది దూర్చి ఇచ్చేవాడు, ఊరికే. "బుడ్డి కొన్యోడు సచ్చేదాకా మళ్లా కొనకూడదు" అనేవాడు. కొత్త పైపు ధర నాలుగు బీడీకట్టలంత. అది ఇవ్వలేనివాళ్లు పుంటికూర కట్ట ఇచ్చి పట్టుకుపోయేవాళ్లు. గొర్రెలకాపర్లు, శనక్కాయ కూలీలు, ధర్మవరం నుంచి వచ్చే మగ్గాలాయన ఒకరు, అందరి నోట్లోనూ ఆ పైపే.

పొగాకు మంచిదని నేను చెప్పడం లేదు. చెప్పేవాళ్లను కొట్టాలనిపిస్తుంది నాకు. ఆయనను తీసుకుపోయింది ఆ పొగే. ఈ విషయంలో నా కోపం ఆయన మీద కూడా ఉంది. పైపు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ "మానుకోప్పా. మానుకోల్యాకుంటే దీంట్లో తాగు" అని చెప్పేవాడు. చెప్పి, తను ముట్టించేవాడు! నేను ఎగిరిపడేదాన్ని.

"ఊరందరికీ నీతులు చెప్తావు, నీకు వర్తించదా చిన్నాయనా?"

"నేను మానుకోల్యాకపోయినోళ్లలో ఉండాను గదా పాపా" అని నవ్వేవాడు. ఆ నవ్వు సగంలో దగ్గయ్యేది. ఒకసారి ఆయన పైపు లాక్కుని పెరట్లోకి విసిరేశాను. వెళ్లి తెచ్చుకుని, మూత సొట్టపోయిందేమో చూసుకున్నాడు. ఇంత మొండిమనిషిని ఏం చేసుకోను చెప్పండి? నా పెళ్లయ్యాక మొదటి కుట్టుమిషను కొనిచ్చింది కూడా ఆ మొండిమనిషే. "జాకెట్టు కూలోళ్లకు అందే ధరకు కుట్టు" అన్నాడు అప్పుడు. ఇప్పటికీ అట్లాగే కుడుతున్నాను.

ఇక బెంగళూరు సారు. కదిరి తిరునాళ్లలో ఎవరి చేతిలోనో పైపు చూసి వెతుక్కుంటూ వచ్చాడు. మంచంమీద కూర్చుని, కాఫీ తాగి, షరతులు చెప్పాడు. గొట్టం అతికించెయ్యాలి. మూత మోటుగా ఉంది, తీసెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఊళ్లో తక్కువకు అమ్మడం ఆపెయ్యాలి. "ఈడ ఇంత చవగ్గా దొరికితే ఆడ నా దగ్గర ఎవరు కొంటారు పెద్దాయనా? చవక చేస్తే కళకు విలువుండదు" అన్నాడు.

చిన్నాయన శాంతంగానే అడిగాడు. "నీ షాపులో కొనేటోళ్ల ఇండ్లకాడ వాములుంటాయా సార్?"

"వాములా?" అన్నాడు సారు.

"ల్యాకుంటే వాళ్లకు నా పైపు ఎందుకు? పోయి రా నాయనా."

మా తమ్ముడు ఆ రోజు తండ్రితో మాట్లాడలేదు. వాడిది కూడా ఒట్టి దురాశ అనడం అన్యాయం. బోరు ఎండిపోయింది, ఇద్దరు ఆడపిల్లలు కాలేజీకి వచ్చారు. "ఊరికి మేలు చేసి మనం గంజి తాగల్నా?" అని అరిచేవాడు. చిన్నాయన మంచం పట్టాక పని వాడి చేతికొచ్చింది. వచ్చిన నెలలోనే సరుకంతా బెంగళూరు దారి పట్టింది. ఆయన లోపల పడుకుని దగ్గుతూ ఉంటే, వాకిట్లోకి వచ్చిన కాపర్లకు "పైపుల్లేవు పోండి" అని వీడు చెప్పేవాడు. ఆ మాట ఆయన చెవిన పడేది. నేను చూడబోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "వాళ్లు మళ్లా బీడీలకు పోయినారంట పాపా. వాళ్లకు ఇయ్యిరా అంటే వీడు ఇనల్యా" అన్నాడు. అంత నీరసంలోనూ కళ్లలో కోపం. చావు దగ్గర పడిన మనిషికి వేరే దిగుల్లేదు, అదొక్కటే. వీడు అది కూడా తీర్చలేదు.

పెద్దదినం, అంటే పెద్దకర్మ నాడు సమాధి దగ్గర కూడు పెట్టాం. సంగటి, ఊరిబిండి, కోడికూర, ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించాం. కాకి ముడితే పోయినాయన మనసు కుదుటపడినట్టు. ముట్టకపోతే ఆయనకు ఏదో కోరిక మిగిలిందని, మనవాళ్లు చెయ్యెత్తి మాట ఇస్తారు. ఆ రోజు కాకి రాలేదు. తుమ్మచెట్టు మీద కూర్చుని మావైపు చూస్తోంది గాని దిగదు.

"అమ్మను బాగా సూసుకుంటా నాయనా" అన్నాడు తమ్ముడు. రాలేదు. "పిల్లోళ్లను సదివిస్తా." రాలేదు. బెంగళూరు సారు గొంతు సవరించుకుని, "మీ కళను దేశమంతా తెలిసేట్టు చేస్తాం" అని ఇంగ్లీషు కలిపి ఏదో చెప్పాడు. కాకి లేచి ఇంకో కొమ్మ మీదికి పోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఏ మాట కావాలో అక్కడున్న అందరికీ తెలుసు. కాపర్లు, కూలీలు కంచె పక్కన నిలబడి వాడినే చూస్తున్నారు. వాడు నేల చూస్తున్నాడు. నేను ఇంక పట్టలేకపోయాను.

"ఏమిరా, నోరు పడిపోయిందా? ఆయప్ప సచ్చేటప్పుడు ఏమడిగినాడో నీకు తెల్దా? బెంగళూరుకు పంపితే పంపుకో, ఎవరొద్దన్నారు? ఊర్లో వాళ్లకు ఇచ్చేది ఇయ్యనన్నావంటే నేనీడ నుంచి కదల్ను!"

"ఉండక్కా, అరవాకు."

"అరుస్తా!"

చిన్నమ్మ నన్ను ఆపలేదు. కొడుకు వైపు చూసి, "మూతలు చేసేది నేను. ఊరోళ్లకు ఇయ్యకుంటే బెంగళూరు పైపుల పని గూడా ముట్టను" అని మాత్రం అంది.

సారు వాచీ చూసుకున్నాడు. తమ్ముడు గుండు మీద చెయ్యి రుద్దుకుని, చెయ్యెత్తాడు. "నాయన అమ్మిన ధరకే ఊరోళ్లకు ఇస్తా. గొట్టం ఊరికే మారుస్తా. ముందు ఈడోళ్లకు, తర్వాతే బెంగళూరుకు."

అందరం తలెత్తి చెట్టువైపు చూశాం. కాకి రెక్కలు విదిల్చి, సమాధి మీదుగా ఎగిరి, ఎటో పోయింది. విస్తరి అట్లాగే ఉంది. "అయ్యో" అన్నారెవరో. సారు ముఖంలో చిన్న నవ్వు కదిలింది.

అప్పుడు కంచె పక్కనుంచి గొర్రెలు కాసుకునే ముసలామె ఒకామె ముందుకొచ్చింది. "కాకి సంగతి ఇడ్సిపెట్టప్పా. అది ఇన్యాదో లేదో. మేము ఇన్యాము" అని, కొంగులోంచి గొట్టంలేని పైపు బుడ్డి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కదలకుండా వాడి ఎదుటే నిలబడింది.