తూర్పు కొస నుంచి ఇరవై ఆరు కర్రలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, పుష్య మాసం చివర్లో, అరసవల్లిలో ఒక పాత మేడింటి పని నాకు అప్పగించారు. లోపలి మెట్ల పక్కనున్న టేకు కటకటాలు విప్పి, ఏళ్ల తరబడి పేరుకున్న ఎనామిల్ పూతలు వలిచి, తిరిగి బిగించి, లక్క పాలిష్ పెట్టాలి. గడువు రథసప్తమి.

నా పేరు సింహాచలం. పాలిష్ మేస్త్రిగా చేశాను. మా పనిలో ఉప్పు కాగితం రుద్దేవారిది అడుగు వరస, రంగు కలిపేవారిది దాని పైది, ఆఖరి చేయి వేసేవారు మేస్త్రి. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ పనీ రెండూ మా నాన్నే ఇంట్లో నేర్పాడు. వాడేసిన ఉప్పు కాగితం వెనకవైపే నా పలక. ఆడమనిషి మేస్త్రి ఏమిటని అడిగినవాళ్లు చాలామంది. పని ఇచ్చినవాళ్లు కొద్దిమందే అయినా, వాళ్ల దయవల్ల ముప్పై ఏళ్లు అన్నం తిన్నాను. స్వామికి దండం పెట్టుకునేటప్పుడు వాళ్లనూ తలుచుకుంటాను.

ఆ ఇంటి పెద్దావిడను మామ్మగారు అని పిలిచేదాన్ని. ఎనభై దాటిన మనిషి, చూపు బాగా మందగించింది. ఆ మెట్లు పడమట మొదలై తూర్పుకు ఎక్కి, సూర్యోదయం కనిపించే పై వరండాకు చేరతాయి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ రోజూ చెంబుతో పైకెళ్లి సూర్యనారాయణమూర్తికి అర్ఘ్యం ఇస్తున్నారు. చూపు తగ్గాక ఒక్కొక్క కర్రే తడుముకుంటూ ఎక్కేవారు. పని జరిగినన్నాళ్లూ ఆవిడ కిందే ఉండాలి. కొడుకు పెద్దబాబుకు మొదటి నుంచీ స్టీలు రెయిలింగు పెట్టించాలని ఉంది. తల్లి పట్టుబట్టబట్టి నన్ను పిలిపించాడు.

కటకటాలంటే రెండు చివర్లా రెండు లావు గుంజలు, వాటి మధ్య ఏటవాలుగా చేతిపట్టీ, దాని కింద మెట్టుకు రెండు చొప్పున ఇరవై ఆరు నిలువు కర్రలు. తరిమెన మీద తిప్పి నునుపు చేసినవి కాబట్టి చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ పాత వడ్రంగులు ప్రతి కర్ర మొననూ దాని బెజ్జానికి తగ్గట్టు విడిగా చెక్కేవారు. మేకు ఉండదు, బిగువే ఆధారం. అందుకే విప్పేటప్పుడు వరసగా నంబర్లు వేస్తాం. నాన్నయితే అంకె చెక్కిన బిళ్లలు దారంతో కట్టేవాడు. నేను తొందరపడి కాగితం టేపు అంటించి పెన్నుతో రాశాను.

రంగు వలిచే మందు తొట్టిలో కర్రలు వేసి, భోంచేసి వచ్చేసరికి టేపులన్నీ పైకి తేలి ఉన్నాయి. ఒక్క అంకె కూడా మిగల్లేదు.

పెద్దబాబు వచ్చి చూశాడు. "ఇదేటి సింహాచలం, మా అమ్మ మెట్లని కట్టెల మోపు సేసీసినావు! శుక్రవారం దాకా సూస్తాను. శనివారం ఎల్డింగోడిని రమ్మంటాను. ఇవి నీళ్లు కాసుకోడానికి పనికొస్తాయిలే."

మామ్మగారు మంచం మీంచే అందుకున్నారు. "నీకేటిరా, ఎనిమిదింటికి లేస్తావు. సూర్యుడు పైన, నాను కింద. ఇనప కడ్డీ పట్టుకుంటే ఏ మెట్టు మీదున్నానో నా సేతికెలా తెలుస్తాది?"

రెండు రోజులు కర్రలు మార్చి మార్చి చూశాను. ఒకటి దిగితే పక్కది దిగలేదు. అన్నీ అన్ని బెజ్జాల్లోనూ చూద్దామంటే, తొడిగి తీసిన ప్రతిసారీ బిగువు తగ్గుతుంది. మూడో రోజు మొనల మీది మురికి గీకుతుంటే ఉలి గాట్లు బయటపడ్డాయి. పొట్టి గాటు ఒకటికి, పొడుగు గాటు ఐదుకు. వడ్రంగి వేసుకున్న వరస ఇదేనని స్వామికి దండం పెట్టుకుని, కింది మెట్టు నుంచి అమర్చడం మొదలుపెట్టాను. మొదటిది వదులైంది. రెండోది దిగలేదు. మూడోది సరిగ్గా కూర్చుంది. నాలుగోది వాలిపోయింది. అవి అంకెలేనా, జిగురు పట్టడానికి పెట్టిన గాట్లా అన్న అనుమానం వచ్చింది. మూడోది ఎందుకు కూర్చుందో మరీ అర్థం కాలేదు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ప్రతిసారీ గాట్లున్నవి ఇరవై ఐదే వచ్చాయి. ఒక కర్ర మొన నున్నగా ఉంది. పదిహేడు గాట్ల కర్ర అసలు లేదు. గురువారం మధ్యాహ్నానికి ఏది పైమొనో ఏది కిందిమొనో కూడా తేల్చుకోలేని స్థితికి వచ్చి, కింది మెట్టు మీద కూర్చుండిపోయాను.

చప్పుడు ఆగిందని మామ్మగారు గోడ పట్టుకుని వచ్చారు. "ఎక్కడి నుంచి లెక్కెడతన్నావే?"

కింద నుంచే అన్నాను.

"కింద నుంచేటే? తొలి కర్ర పైన, తూరుపు కొసని కదా దింపినారు. మా మావగారు సెప్తే దానికి పసుపు రాసింది నానే. పడమట నుంచి పని మొదలెడతారేటే ఎవులైనా?"

నేనూ పాలిష్ గుడ్డ ముంచే ముందు తూర్పుకు తిరిగి దండం పెట్టేదాన్నే. మెట్లు కింద నుంచి ఎక్కుతాం కాబట్టి లెక్కా కింద నుంచేననుకున్నాను.

పై నుంచి మొదలుపెట్టాను. ఒక గాటు కర్ర తూర్పు కొసలో చెక్క సుత్తి దెబ్బ ఒక్కదానికే దిగింది. చేతిపట్టీ బరువు ఒక్కదాన్నీ మోయలేక పెద్దబాబును పట్టుకోమన్నాను. "నానేటి నీ కూలీనా?" అన్నాడు గానీ, చీకటి పడేలోపు ఇరవై ఐదు కర్రలు దిగేదాకా వదల్లేదు. మిగిలిన పదిహేడో బెజ్జంలో నున్నటి కర్ర పెట్టాను. పట్టుకుంటే అది గిర్రున తిరుగుతోంది. రెండు చీలికలు చెక్కి బిగించబోతుండగా మామ్మగారు దాని మీద చేయి వేశారు.

"దాన్నలా వదిలీయే. అదెప్పుడూ తిరుగుతాది. అది తిరిగితే ఇంకా ఎనిమిది మెట్లున్నాయని నాకు గురుతు."

ఆ కర్రకు గాట్లు ఎందుకు లేవో, పాత పదిహేడోది ఏమైందో ఆవిడకూ తెలియదు. నాకు ఇప్పటికీ తెలియలేదు. చీలికలు సంచిలో వేసుకున్నాను. శనివారం వెల్డింగు మనిషిని పిలవలేదు. పాలిష్ ఆఖరి పూత రథసప్తమికి రెండు రోజుల ముందు ఆరింది. ఆరిన ఆ ఉదయమే మామ్మగారు చెంబు పట్టుకుని తనంతట తానే పైకెళ్లారు. ఐదో మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ కర్ర తిప్పి చూసుకుని, మిగతా ఎనిమిదీ ఎక్కారు.

ఆ తర్వాత పని మానేసేదాకా నేను టేపు వాడలేదు. నాన్నలాగే బిళ్లలు కట్టాను. ఏ పాత వస్తువు విప్పాలన్నా, దాన్ని రోజూ వాడేవారిని ముందు రెండు సంగతులు అడిగేదాన్ని: దీన్ని ఎటు నుంచి మొదలుపెట్టి కట్టారు, ఇందులో నేను బాగు చెయ్యకూడనిది ఏది.