గుండుసూదులు పీకేసిన రిజిస్టరు

రిటైరయ్యే ఏడాది ఫిబ్రవరిలో నన్ను మా కౌంటీ టాక్స్ ఆఫీసు రికార్డుల విభాగానికి సూపర్‌వైజర్‌గా వేశారు. అట్లాంటాకి గంటన్నర దూరంలో, మిల్లు మూతపడి జనం పలచబడ్డ ఊరొకటి నగర హోదా వదులుకుని చాలాకాలం క్రితమే మా కౌంటీలో కలిసిపోయింది. మేయరూ లేడు, సిటీ హాలూ లేదు. మిగిలినవి ఆస్తి పన్ను బాకీల రిజిస్టర్లు. వాటిని స్కాన్ చేయించి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.

పన్ను కట్టని ఇంటి మీద కౌంటీ హక్కు నమోదు చేస్తారు. దాన్ని లీన్ అంటారు. అది ఉండగా ఇల్లు అమ్మడం కుదరదు. డబ్బు కట్టాక రిజిస్టర్లో ఆ వరస మీద రద్దు ముద్ర వేస్తారు. ముద్ర లేని వరసలన్నీ బాకీలుగా ఎక్కించమని నేనే చెప్పాను.

ఆ రిజిస్టర్ల నిండా తుప్పుపట్టిన గుండుసూదులు, వాటికి వెలిసిపోయిన చీటీలు. అమెరికా రాకముందు కాకినాడలో రెవెన్యూ గుమాస్తాగా నేను చేసిన పనిలో సగం అదే, కాగితానికి కాగితం గుచ్చడం. ఇక్కడా అవే కనబడేసరికి నాకు నామోషీ వేసింది. ఇంత దేశంలోనూ ఈ దరిద్రమేనా అనుకుని, స్కానర్ పాడవుతుందన్న సాకుతో సూదులన్నీ పీకించాను. చీటీలన్నీ ఒక పెట్టెలో వేయించాను. ఏ రికార్డుకీ చెందని విడి కాగితాలని మూడు నెలల తర్వాత ధ్వంసం చేయవచ్చని ఆఫీసు నియమం. గడువు తీరగానే ఆ పెట్టెని ధ్వంసం చేయించిన ఉత్తర్వు మీద సంతకం నాదే.

వేసవి చివర్లో మిసెస్ డోర్సీ అనే ముసలావిడ వాకర్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఇల్లు అమ్మి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటే, మా కంప్యూటర్లో పాత బాకీ కనబడి అమ్మకం ఆగిపోయిందట. డబ్బు ఎప్పుడో కట్టేశానంది. సిటీ హాలు మూసే రోజుల్లో ముద్ర కూడా దొరకక, క్లర్కు రసీదు నకలుని తన కళ్లెదుటే పేజీకి గుచ్చిందని చెప్పింది. తన రసీదు ఇల్లు కారి నానిపోయిందనీ, ఆఫీసులో నకలుంది కదా అని బెంగపడలేదనీ అంది.

రిజిస్టరు తెప్పించి చూశాను. ఆమె పేరు పక్కన రెండు చిల్లులు, చుట్టూ తుప్పు మరక. కనుక్కుని చెబుతానని ఆమెని పంపేశాను.

తప్పు నాదేనని రాసిస్తే ఆ లీన్ ఎత్తేస్తారని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను.

"పెన్షన్ పేపర్స్ ప్రాసెస్ అవుతున్నాయి కదండీ. ఇప్పుడు మీరే మిస్టేక్ చేశానని రాసిస్తే ఎలా? అప్రూవ్ అయ్యేదాకా ఆగండి, టూ వీక్సే కదా" అంది.

ఆవిడని తప్పుపట్టను. ఆ మాట వినాలనే చెప్పుకున్నాను.

ఆ రెండు వారాల్లోనే కొనేవాళ్లు మిసెస్ డోర్సీకి గడువు పెట్టారు. ఆమె తన అంత్యక్రియల కోసం దాచుకున్న డబ్బు తెచ్చి, వడ్డీతో సహా రెండోసారి కట్టేసింది.

పెన్షన్ మంజూరయ్యాక నేను ప్రమాణపత్రం ఇచ్చాను. చిల్లులున్న ప్రతి పేజీ నంబరూ అందులో రాశాను. కౌంటీ లాయరు ఒప్పుకుని ఆ బాకీలన్నీ రద్దు చేయించాడు. మిసెస్ డోర్సీ డబ్బు మాత్రం వెనక్కి రాదన్నాడు. అభ్యంతరం రాసివ్వకుండా ఇష్టపూర్వకంగా కట్టింది కాబట్టి నియమం ఒప్పుకోదట.

ఫోన్ చేసి ఆమెకి నేనే చెప్పాను. జరిగింది కూడా చెప్పాను. ఈసారైనా ముద్ర పడిందా అని ఆమె అడిగింది. పడిందన్నాను.

పాత రికార్డులు ముట్టుకునేవాళ్లు సూది పీకేముందు అది ఏ కాగితాన్ని ఏ వరసకి పట్టి ఉంచిందో రాసుకోవాలి. కాకినాడలో చేరిన మొదటి వారంలోనే నాకిది నేర్పారు. తప్పు కనబడితే ఆ రోజే రాసివ్వాలి. నేను రెండు వారాలు ఆగి రాసిన కాగితం అందరికీ పనికొచ్చింది, అడగడానికి వచ్చిన మనిషికి తప్ప.